గట్టివదిన డబ్బాలో బ్రెడ్డుముక్క

మా పెద్దవదిన చెవి సంగతి చెబితే మీరు నమ్మరు. బిస్కెట్టును చెవి దగ్గర పెట్టుకుని విరిచిందంటే, అది ఏ పొయ్యిలో కాలిందో, ఎంత వేడికి కాలిందో, కాల్చినవాడు ఆ పూట పెళ్ళాంతో గొడవపడి వచ్చాడో లేదో కూడా చెప్పేస్తుంది. నమ్మకపోతే మీ ఇష్టం. నేను కళ్ళారా చూశాను. చూడనివి కూడా చూసినట్టే చెప్పగలననుకోండి, అది వేరే సంగతి.

ఆవిడ ఉద్యోగం బిస్కెట్ల ఫ్యాక్టరీలో, తనిఖీ దగ్గర. పొయ్యిలోంచి బిస్కెట్లు బెల్టు మీద బారులు తీరి వస్తుంటాయి. బెల్టు చివర ఎత్తు స్టూలు, స్టూలు మీద వదిన. నెత్తిన నీలం టోపీ, చేతులకి పల్చటి గ్లవుజులు, ముక్కు మీదికి జారే కళ్ళజోడు. మిషన్ల రొదలో పక్కమనిషి అరిచినా వినపడదు. ఆవిడకి మాత్రం బిస్కెట్టు చప్పుడు వినపడుతుంది. కొన్ని వరసలు వదిలి ఒకటి తీస్తుంది, చెవి దగ్గర విరుస్తుంది. టక్కుమంటే పాసు. తుస్సుమంటే "మెత్తబడింది" అంటుంది. అంతే, బెల్టు ఆగిపోతుంది, పొయ్యి దగ్గరివాళ్ళు తలలు దించుకుంటారు, మేనేజరు మెట్లు దిగి వస్తాడు. ఆ ఫ్యాక్టరీలో ఎంత పెద్ద బూతైనా నవ్వుతూ అనొచ్చు, "మెత్తబడింది" అని మాత్రం ఊరికే అనకూడదు.

బడిలో నన్ను కూడా ఎవరో అలాగే విరిచి విని పక్క బుట్టలోకి తోసేశారు. వాళ్ళకి వదినకున్న చెవి లేదు. ఉంటే నా టక్కు ఊరంతా వినపడేది.

ఆవిడకి గట్టివదిన అని పేరు పెట్టింది నేనే. నేను పెట్టిన పేర్లు ఊడవు. పేరు నాదే గానీ మాట మాత్రం మా నాన్నది. మా నాన్న తాళాలు బాగుచేస్తాడు. ఇంటి కింద కొట్టు, కొట్టు వెనక ఆయన గది. మధ్య అంతస్తులో పెద్దన్నయ్య, పెద్దవదిన. పై అంతస్తులో చిన్నన్నయ్య. నేను ఏ అంతస్తు నుంచి మంచి వాసన వస్తే ఆ అంతస్తువాణ్ణి. నాన్న చేతికి లొంగని తాళం లేదు. ఒకసారి ఒక తాళం ముందు గొంతు సవరించుకుంటే అది దానంతటదే తెరుచుకుంది. ఆయనకి తెలిసిన మెచ్చుకోలు మాట ఒక్కటే. మంచి తాళమైతే "గట్టిది" అంటాడు. మంచి మనిషైతే "గట్టోడు" అంటాడు. అంతకు మించి ఆయన నోట్లోంచి పొగడ్త రాలదు.

మా అమ్మ పోయాక ఆ ఇంటికి వచ్చిన మొదటి ఆడది పెద్దవదిన. వచ్చేసరికి ఇల్లు ఇల్లులా లేదు. నలుగురు మగాళ్ళం, ఒక గిన్నె, ఆ గిన్నెకి కూడా అడుగు మాడిపోయి ఉంది. కొన్నాళ్ళకి నాన్న ఎవరో పారేసిన పాత ఓవెన్ ఒకటి మోసుకొచ్చాడు. దాని తలుపు మూతపడదు. నాన్న దానికి గడియ బిగించి, గడియకి తాళం కప్ప కూడా పెట్టాడు. తాళం వేసే ఓవెన్ లోకంలో మా ఇంట్లో తప్ప ఇంకెక్కడా ఉండదు. తాళంచెవి వదిన చేతికిచ్చి, "ఇది నీదమ్మా" అన్నాడు.

వదిన అందులో తన మొదటి వాయి బిస్కెట్లు కాల్చింది. నాన్న ఒకటి తీసుకుని కొరికాడు. ఆ చప్పుడుకి కొట్టు ముందు నిలబడ్డ మనిషి ఏ తాళం విరిగిందోనని తొంగిచూశాడు.

"గట్టిగా ఉన్నాయమ్మా," అన్నాడు నాన్న.

బిస్కెట్లకి ఇలాంటి సర్టిఫికెట్టు ఎవరైనా ఇస్తే మీరు నొచ్చుకుంటారు. వదినకి మాత్రం కళ్ళు చెమ్మగిల్లాయి. ఆ రోజు నుంచి నాన్న పనిబల్ల పక్కన చిన్న స్టూలు, స్టూలు మీద గుండ్రటి రేకుడబ్బా, డబ్బాలో వదిన బిస్కెట్లు. డబ్బా మీద బొమ్మ ఏదో ఉండేది, నాన్న చేతివేళ్ళకి అరిగిపోయింది. ఆ ఇంట్లో వదినకి కుర్చీ ఏది, మంచం ఏది అని అడిగితే ఆలోచించాలి. స్థానం ఏదంటే మాత్రం ఆ స్టూలే.

అలా చాలా ఏళ్ళు గడిచాయి. తర్వాత చిన్నవదిన వచ్చింది.

చిన్నవదిన పళ్ళ డాక్టరు క్లినిక్కులో ముందుబల్ల దగ్గర పనిచేస్తుంది. లోపలికి ఏడుస్తూ వెళ్ళేవాళ్ళని నవ్వుతూ పంపడం, నవ్వలేక బయటికి వచ్చేవాళ్ళకి మళ్ళీ ఎప్పుడు రావాలో చెప్పడం ఆవిడ పని. ఆవిడ నవ్వితే పళ్ళన్నీ హాజరు పలుకుతాయి. వచ్చిన కొత్తలోనే ఒక ఆదివారం, పెద్దవదిన దగ్గర ఓవెన్ తాళంచెవి అడిగి తీసుకుని, ఒక పళ్ళెం నిండా కుకీలు చేసింది.

"తిను అక్కా," అని మొదటిది పెద్దవదినకే ఇచ్చింది.

పెద్దవదిన అలవాటు కొద్దీ చెవి దగ్గర పెట్టుకుని విరవబోయింది. అది విరగలేదు. వంగింది. ఇంకొంచెం వంచితే ఇంకొంచెం వంగింది. తనిఖీలో ఇన్నేళ్ళలో వంగిన బిస్కెట్టును ఆవిడ చూసి ఉండదు.

"మెత్తబడింది," అంది.

బెల్టు ఆగలేదు. మేనేజరు దిగి రాలేదు. చిన్నవదిన మొహం చాటంత అయింది.

"నిజంగానా అక్కా? నీ అంతటిదానివి అన్నావంటే ఇంక నాకు దిగుల్లేదు. మెత్తగా రావడమే కష్టం కదా."

పెద్దవదిన నా వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను. నా నోట్లో అప్పటికే రెండున్నాయి.

"కుకీ అంటే ఏంటిరా?" అని తర్వాత మెట్ల మీద నన్ను నిలదీసింది.

"మెత్తటి బిస్కెట్టు వదినా."

"మెత్తబడ్డ బిస్కెట్టు అను. మా దగ్గర వాటిని బస్తాల్లో కట్టి పందుల ఫారానికి పంపుతాం. ఇక్కడ దానికో ముద్దుపేరు పెట్టి పళ్ళెంలో పెడుతున్నారు."

"రుచిగానే ఉందిలే."

"నీకేం రుచి తెలుసు, చిన్నప్పుడు నా పౌడరు కూడా తిన్నావు."

అది నిజమే. అయినా అక్కడితో ఆగిపోయేదేమో, నాన్న పళ్ళు ఆగలేదు. ఒకటొకటిగా ఊడిపోతున్నాయి. ఇన్నేళ్ళు నోట్లో మేకులు, స్ప్రింగులు పెట్టుకుని పనిచేసిన మనిషి. చివరికి ముందువి కూడా పోయి, నవ్వితే తాళం తీసిన కొట్టులా ఉండేది నోరు. ఆ రోజుల్లోనే వదిన మామూలుగా డబ్బా నింపి, "ఎలా ఉన్నాయి మామయ్యా?" అని అడిగింది.

"గట్టిగా ఉన్నాయమ్మా," అన్నాడు నాన్న.

వదిన పొంగిపోయింది. ఆ వారం ఇంకో వాయి ఎక్కువ కాల్చింది. మళ్ళీ అడిగింది. మళ్ళీ అదే మాట. ఇంకో వాయి. అన్నేళ్ళు మెడల్‌లాగా వేసుకున్న మాట, ఈసారి తిప్పి పంపుతున్న మాటని ఆవిడకి తట్టలేదు. తనిఖీ చెవి బిస్కెట్లకే గానీ మాటలకి పనిచేయదు మరి.

తెలిసింది డ్రాయరు దగ్గర. ఓవెన్ గడియకి కొత్త మరమేకు కావాలని వదిన కొట్టులోకి వచ్చి పనిబల్ల డ్రాయరు లాగింది. అందులో పాత తాళాల మధ్య, తుప్పుపట్టిన తాళంచెవుల మధ్య, బిస్కెట్లు. గుట్టగా ఉన్నాయి. కొన్నిటికి అంచు కొద్దిగా తడిసి ఆరిన గుర్తుంది, కొరకబోయి వదిలేసినట్టు. వాటికోసం వచ్చిన చీమలు కూడా పళ్ళు ఊడి, చిన్నవదిన క్లినిక్కు ఎటని అడిగి వెళ్ళిపోయాయి.

"మామయ్యా, ఇవేంటి?"

నాన్న చేతిలో తాళం వంకే చూస్తూ ఉన్నాడు. "గట్టిగా ఉన్నాయమ్మా," అన్నాడు, చిన్నగా.

ఈసారి వదినకి వినపడింది.

డ్రాయరు మూసేసి, మరమేకు తీసుకోకుండానే పైకి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం చిన్నవదిన పనినుంచి వస్తూ వస్తూ కొట్టులోకి తొంగిచూసి, సంచిలోంచి తన ప్లాస్టిక్ డబ్బా తీసి, "మామయ్యగారూ, ఇవి చిగుళ్ళతో కూడా తినొచ్చు," అని స్టూలు మీద పెట్టింది. స్టూలు చిన్నది, రెండు డబ్బాలు పట్టవు. రేకుడబ్బాని తీసి పక్కన అరలో పెట్టింది. ఆ అరలో ఉండేవి బాగుకాని తాళాలు.

ఆవిడ చూసుకోలేదు. మెట్ల మీద నుంచి పెద్దవదిన చూసింది.

అసూయ అంటే మీకు తెలిసినట్టు మాట్లాడకండి. మా పెద్దవదిన పడ్డ అసూయ నేను దగ్గరుండి చూశాను. దానిమీద ఇంకో వాయి కాల్చుకోవచ్చు. పై అంతస్తులో చిన్నవదిన కొత్తగా కొనుక్కున్న ఓవెన్ తలుపు తెరుచుకుంటే కింది మెట్టు మీద ఆవిడ ముక్కు తెరుచుకునేది. చిన్నవదిన గొంతు వినపడితే ఆవిడ గరిట చప్పుడు పెరిగేది. "పళ్ళు పీకే కొట్టులో పనిచేసేదానికి మెత్తనివి చేయడం కాక ఇంకేం వస్తుంది," అనేది. "వాళ్ళ డాక్టరుకి జనం పళ్ళు ఊడాలి, ఈవిడకి ఊడినవాళ్ళు కావాలి. బాగానే కుదిరింది." పెద్దన్నయ్య భోజనం చేస్తూ "పోనీలేవే" అంటే, ఆ పూట ఆయనకి మంచినీళ్ళు కూడా గట్టిగా తగిలేవి.

అన్నిటికన్నా ఆవిణ్ణి తినేసింది ఇంకోటి. చిన్నవదిన కుకీలు వారం గడిచినా మెత్తగానే ఉండేవి. పెద్దవదిన రహస్యంగా ఒకటి తన గదిలో గాలికి పెట్టి చూసింది. మర్నాటికి పెంకైపోయింది. డబ్బాలోవి మాత్రం చేసిన పూట ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి.

"ఏదో మందు కలుపుతోంది," అంది నాతో.

"పళ్ళ డాక్టరు మత్తుమందు అయ్యుంటుంది. అందుకే అవి కదలకుండా పడున్నాయి."

"వెధవ వేషాలేయకు. నువ్వు పైన తింటావుగా, ఏం చూశావు?"

"నేను తినేటప్పుడు కళ్ళు మూసుకుంటాను వదినా. రుచి కోసం."

ఇంతలో చిన్నవదిన ఒక కబురు మోసుకొచ్చింది. నాన్నకి కట్టుడుపళ్ళు తయారవుతున్నాయి. శనివారం ఆవిడే క్లినిక్కుకి తీసుకెళ్ళి పెట్టించి తెస్తుంది. మొదట్లో మెత్తనివే తినాలని డాక్టరు చెప్పాడట.

"కొత్తపళ్ళకి మొదటి కాటు నా కుకీయే మామయ్యగారూ, చెప్తున్నా," అంది అందరి ముందూ, అమాయకంగా.

నాన్న తల ఆడించలేదు, అడ్డంగానూ తిప్పలేదు. "చేతికి ఏది అందితే అది," అన్నాడు. పెద్దవదిన చేతిలో ఉన్న గ్లాసు చప్పుడు కాకుండా కింద పెట్టింది. చప్పుడు కాలేదంటే ఆవిడ ఏదో తీర్మానించుకుందని అర్థం. ఆ ఇంట్లో ఆయనకి మొదటి వాయి పెట్టింది తను. మొదటి కాటు ఇంకొకరిదైతే, ఇంక ఆ స్టూలు తనది కాదు.

ఫ్యాక్టరీ సెలవు రోజున, చిన్నవదిన పనికి వెళ్ళాక, ఆరిన బట్టలు తెస్తానని మేడమీదికి బయల్దేరింది. మేడమీదికి వెళ్ళాలంటే చిన్నవదిన వంటగది దాటాలి. నేను అప్పటికే ఆ వంటగదిలో ఉన్నాను. ఎందుకున్నానని అడగలేదు, అడిగితే తను ఎందుకొచ్చిందో చెప్పాల్సొస్తుంది.

"డబ్బా ఎక్కడుంది?"

చూపించాను. వదిన మూత తీసింది. కుకీల మీద ఒక బ్రెడ్డుముక్క ఉంది. అంచులు పైకి లేచి, బిగుసుకుపోయి, ఇంటికప్పు మీది పెంకులా ఉంది. దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి, చెవి దగ్గరకి తీసుకెళ్ళి మూల విరిచింది. టక్కుమంది.

"ఎండుబ్రెడ్డు," అంది.

"పాపం, తినడం మరిచిపోయినట్టుంది."

"నీ మొహం. ఇది పొట్లంరా."

"ఏ పొట్లం?"

"మా ఫ్యాక్టరీ డబ్బాల్లో తెల్లపొట్లం వేస్తాం చూడు, తినకూడదని రాసుంటుంది, నువ్వు తిన్నావు కూడా. అదుంటే బిస్కెట్టు పెట్టింది పెట్టినట్టు ఉంటుంది. పొట్లం ఎంత ఎండుగా ఉంటే అంత బాగా పనిచేస్తుంది. ఈవిడ పొట్లం బదులు ఎండుబ్రెడ్డు వేసింది. గట్టివి గట్టిగా ఉంటాయి, మెత్తనివి మెత్తగా ఉంటాయి. అంతే కిటుకు." కళ్ళజోడు ముక్కు మీదికి తోసుకుంది. "అది కూడా సరిగ్గా ఎండబెట్టలేదు. మధ్యలో ఇంకా కొంచెం పచ్చి ఉంది. నేనైతే ఇంకా బాగా ఎండబెడతాను."

ఆ మాట విన్నప్పుడు నాకు బ్రహ్మాండంగా తోచింది. తాళంచెవి దొరికిన దొంగల్లా దిగాం ఇద్దరం. బట్టలు మేడమీదే ఉండిపోయాయి.

శుక్రవారం వదిన జన్మలో మొదటిసారి మెత్తనివి కాల్చింది. ఎలా చేయాలో తెలియక కాదు. ఏళ్ళ తరబడి ఏ తప్పు చేస్తే బిస్కెట్టు మెత్తబడుతుందో కనిపెట్టి ఆపడమే ఆవిడ పని. ఇప్పుడు ఆ తప్పులన్నీ వరసగా, కావాలని చేసింది. వెన్న ఎక్కువేసింది. తెల్లపంచదార మానేసి, తడితడిగా ఉండే ముదురురంగు పంచదార వేసింది. ముద్దలు మందంగా పెట్టింది. నడుమ ఇంకా పచ్చిగా కనపడుతుండగానే తాళం తీసి పళ్ళెం బయటికి లాగింది. లాగేటప్పుడు మొహం అటు తిప్పుకుంది, సూది వేయించుకునేవాళ్ళు తిప్పుకున్నట్టు.

చల్లారాక ఒకటి చెవి దగ్గర పెట్టుకుని వంచింది. చప్పుడు లేదు.

"ఎలా ఉంది వదినా?"

"ఫెయిలు," అంది దిగులుగా. తర్వాత, "బాగా ఫెయిలైంది," అని చిన్నగా నవ్వింది.

నేనొకటి తిన్నాను. ఒట్టు, ఈ ఒక్కమాట మాత్రం పెంచి చెప్పట్లేదు. చిన్నవదిన కుకీలు దీని ముందు దిగదుడుపే. వెన్నలా దిగిపోయింది.

అప్పుడు బ్రెడ్డు తీసింది. ముక్కలు ఓవెన్లో పెట్టి, ఒకవైపు, రెండోవైపు, మళ్ళీ ఒకవైపు, పలకల్లా మోగేదాకా ఎండబెట్టింది. చెవి దగ్గర విరిచి చూసింది. టక్కు. నాన్న రేకుడబ్బాని అరలోంచి తెచ్చి తుడిచి, అడుగున రెండు పలకలు, మధ్యలో కుకీలు, పైన రెండు పలకలు పెట్టి మూత బిగించింది. "ఆవిడ ఒక్కటే వేసింది," అంది.

మర్నాడు మధ్యాహ్నం చిన్నవదిన నాన్నని నడిపించుకుంటూ కొట్టులోకి తెచ్చింది. కొత్తపళ్ళతో నాన్న వేరే ఎవరోలా ఉన్నాడు. పెదాలు మూతపడట్లేదు. ఏదో పెద్ద హోటలు ముందు నిలబడి సలాములు కొట్టేవాడిలా ఊరికే నవ్వుతున్నాడు. తన కుర్చీలో కూర్చున్నాడు. స్టూలు మీద చిన్నవదిన ప్లాస్టిక్ డబ్బా ఉంది. పెద్దవదిన రేకుడబ్బాని చేత్తో పట్టుకుని నిలబడింది. నాన్న చెయ్యి స్టూలు దాకా వెళ్ళి, స్టూలు దాటి, రేకుడబ్బా మూతమీద ఆగింది.

చిన్నవదిన నవ్వు అలాగే ఉంది గానీ హాజరు తగ్గింది.

నాన్న కుకీ తీసుకుని కొరికాడు. చప్పుడైంది. నాన్న ఆగాడు. పైన రాయి, లోపల జిగురు. ముందుకీ పోదు, వెనక్కీ రాదు. మెల్లగా చెయ్యి కిందికి దించాడు. చేతితోపాటు కుకీ వచ్చింది, కుకీతోపాటు పైవరస పళ్ళన్నీ వచ్చాయి. కుకీ నవ్వుతోంది, నాన్న నవ్వట్లేదు.

నేను నవ్వలేదని చెబితే మీరెలాగూ నమ్మరు.

పెద్దవదిన మొహం పిండిలా పాలిపోయింది. ఇంకోటి తీసి చెవి దగ్గర విరిచింది. టక్కుమంది. ఆవిడ విన్న టక్కుల్లో అంత దిక్కుమాలిన టక్కు ఇంకోటి ఉండదు.

"నిన్న మెత్తగా ఉన్నాయి," అంది. ఎవరితో అందో తెలియదు. "వీడు తిన్నాడు. అడగండి."

"ఉన్నాయి," అన్నాను. నా మాటకి ఆ ఇంట్లో ఉన్న విలువ మీకు తెలిసిందే.

చిన్నవదిన డబ్బాలోకి వంగి చూసింది. ఎండు పలక ఒకటి బయటికి తీసింది. వేలితో కొట్టి చూసింది. "అక్కా, దీన్ని కాల్చావా?"

పెద్దవదిన చేతిలోని ముక్కలు బల్ల మీద పెట్టింది.

"మొన్న నా డబ్బాలో బ్రెడ్డుముక్కకి మూల విరిగి ఉంది. ఎలుకనుకున్నా. మీ మరిదిగారి చేత బోను కూడా తెప్పించా."

"మీ అంతస్తు దాకా ఎక్కే ఓపిక ఎలుకలకి ఎక్కడుంది," అంది పెద్దవదిన, బల్ల వంక చూస్తూ. "నేనే."

ఆవిడ ఒప్పుకోవడం నేను చూడటం అదే మొదలు. చిన్నవదిన కోప్పడుతుందని చూశాను. కోప్పడే మాటకి దగ్గరగా వచ్చి, పక్కకి తప్పుకుంది.

"అడిగితే చెప్పేదాన్ని కదా అక్కా. అది పెట్టేటప్పుడు ఎండుది కాదు. తాజా ముక్క. దాని తడి కుకీలు లాక్కుంటాయి. అవి మెత్తగా ఉంటాయి, అది ఎండిపోతుంది. ఎండాక తీసేసి ఇంకోటి పెడతాను. నువ్వు చూసింది పని అయిపోయిన ముక్క. పూర్తిగా ఎండిందాన్ని పెడితే తిరగబడుతుంది. వీటి తడంతా అదే తాగేస్తుంది."

పెద్దవదిన ఎండుపలక చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. "పొట్లం చేసేదీ అదేగా," అంది నాతో. "తాగేస్తుంది. ఇన్నేళ్ళు డబ్బాల్లో వేశాను. పెట్టింది పెట్టినట్టు ఉంచుతుందనే అనుకున్నా. గట్టివాటిలో వేస్తాం కాబట్టి అలా కనపడేది."

నాన్న ఈలోగా కుకీ నుంచి పళ్ళు విడదీసుకుని, పనిబల్ల మీద తాళాల పక్కన రుమాల్లో పెట్టాడు. "పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అంటారు," అన్నాడు బోసినోటితో. "నాకు అవి కూడా సొంతవి కావు. టీ ఇవ్వండర్రా."

టీ వచ్చింది. నాన్న పెద్దవదిన కుకీనే టీలో ముంచాడు. వేళ్ళు కాలేదాకా పట్టుకున్నాడు. తిన్నాడు. ఇంకోటి ముంచాడు.

"పెద్దమ్మాయ్, ఆ డ్రాయరులోవి పారేశావా?"

"ఆ మర్నాడే పారేశాను మామయ్యా."

"అయ్యో. ముంచుకు తిందామని దాచుకున్నా. టీ ఏమో రెండు పూటలే, నువ్వేమో రోజూ డబ్బా నింపేదానివి. ఎక్కడ పెట్టను?"

మా నాన్న నిజం చెప్పాడో అబద్ధం చెప్పాడో నాకు తెలియదు. అబద్ధాల విషయంలో నాకూ ఒక చెవుంది. అది టక్కుమనలేదు, తుస్సుమనలేదు.

పెద్దవదిన ఇంకా అలాగే నిలబడి ఉంది. ఆ మాట ఆవిడకి చాలినట్టు లేదు. అప్పుడు చిన్నవదిన, ప్లాస్టిక్ డబ్బా మూత వేస్తూ, గొణిగినట్టు అంది. "ముంచుకుని అయినా నీదే తింటున్నారు. మా ఆయనా అంతే."

"నీ మొగుడికేమైంది?"

"నేను చేసిన కుకీ చెవి దగ్గర పెట్టుకుని వంచుతాడు. ఏం వినపడట్లేదే అంటాడు. వదిన చేసినవైతే పై అంతస్తు దాకా వినపడేవి అంటాడు. ఒక్కటీ ముట్టడు. మరి అన్నీ ఏం చేయను? అందుకే ఇక్కడికి తెచ్చి మామయ్యగారికి పెడుతున్నా. గట్టివి చేద్దామని నేనూ చూశాను. రెండోరోజుకే మెత్తబడి చస్తున్నాయి."

"అలా అన్నాడా?" అంది పెద్దవదిన.

"రోజూ."

"ఏమన్నాడూ? మళ్ళీ చెప్పు."

"వదిన చేసినవైతే పై అంతస్తు దాకా వినపడేవి, అన్నాడు."

పెద్దవదిన కళ్ళజోడు తీసి తుడుచుకుంది. పిండిలా ఉన్న మొహం ఓవెన్లో పెట్టినట్టు మెల్లగా రంగు తిరిగింది. నాన్న ఇచ్చిన ఓదార్పు చేయలేని పని, తోడికోడలి కడుపుమంట చేసింది. కుర్చీ లాక్కుని కూర్చుంది, ఆ మధ్యాహ్నం మొదటిసారి.

"రెండోరోజుకి మెత్తబడుతున్నాయంటే ఏ డబ్బాలో పెడుతున్నావు?"

"ఈ డబ్బాలోనే."

"బ్రెడ్డుముక్క తీసేశావా?"

చిన్నవదిన నాలుక కరుచుకుంది. తీయలేదు.

పెద్దవదిన నవ్విన నవ్వుకి నాన్న పళ్ళు రుమాల్లో కదిలాయి. "పద, నీకో పొట్లం ఇస్తాను," అంది. "తినకు. ఈ వెధవ తిని ఇలా అయ్యాడు."

ఇప్పుడు నాన్న పనిబల్ల పక్కన పెద్ద స్టూలు ఉంది. రెండు డబ్బాలు పడతాయి. చిన్నవదిన సాయంత్రం వచ్చి తన డబ్బా ముందుకి జరుపుతుంది, పెద్దవదిన పొద్దున వచ్చి తనది ముందుకి జరుపుతుంది. నాన్న ఏదీ జరపడు. రేకుడబ్బాలో ఇప్పుడు మెత్తనివే ఉంటాయి, పైన ఒక తాజా బ్రెడ్డుముక్క ఉంటుంది. కొట్టుకి వచ్చినవాళ్ళలో ఇద్దరు ముగ్గురు ఎవరివి బాగున్నాయని నన్ను అడిగారు. నేను ఇద్దరి దగ్గరా తినాల్సినవాణ్ణి, ఏం చెబుతాను.

ఫ్యాక్టరీకి వెళ్ళేముందు, నీలం టోపీ పెట్టుకుని, వదిన డబ్బా మూత తీస్తుంది. కుకీల జోలికి పోదు. వాటి చప్పుడు వినడం ఇప్పటికీ ఆవిడకి ఇష్టం లేదు. పాత బ్రెడ్డుముక్కని ఎత్తి, చెవి దగ్గర పెట్టుకుని విరుస్తుంది. టక్కుమంటే అది ఎండిందని, అది ఎండిందంటే కింద ఉన్నవి మెత్తగా ఉన్నాయని.

"పాసు," అంటుంది. ముక్కలు రెండూ నా చేతిలో పెట్టి, పక్కన ఇంకా మూత తీయని చిన్నవదిన డబ్బా వైపు ఒక చూపు చూసి వెళ్ళిపోతుంది.

ఆ ఇంట్లో నా వాటా ఆ ఎండుముక్కలే. టీలో ముంచుకుంటే బాగుంటాయి.